నలభై ఏడో షరతు, ఒక కర్పూరం బిళ్ళ

కొత్తగా ఆఫీసు కుర్చీలెక్కిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకు ముందుగా అబ్బే విద్య కాపీ కొట్టడం. సిగ్గుపడకండి. పుదుచ్చేరిలో తవ్వకం పనులు చేయించే ఒక ఆఫీసులో పాతికేళ్లకు పైగా కాంట్రాక్టు పత్రాలు తయారు చేసి, నడుము అరిగిపోయి, ఉద్యోగ కాలం తీరకముందే నా అంతట నేను ఇంటికొచ్చిన వాణ్ణి చెబుతున్నాను. అన్నేళ్లలో నేను సొంతంగా రాసినవి సెలవు చీటీలే. తక్కినదంతా పాత కాంట్రాక్టులోంచి కొత్త కాంట్రాక్టులోకి ఎత్తిపోతల పథకం. నా చేతి మీదుగా పారిన షరతులను వరసగా పరిస్తే గోరిమేడులో మా ఇంటి గుమ్మం నుంచి సముద్రం దాకా పోయి, ఆపైన మరో రెండు మైళ్లు నీళ్లమీద తేలేవి.

వాటిలో ఒక్క షరతు సంగతి చెబుతాను. నలభై ఏడోది.

మా ఊరి నేల సామాన్యమైంది కాదు. పూర్వం ఎవరెవరో ఓడలెక్కి వచ్చి ఇక్కడ కొట్టుకున్నారు. కొట్టుకున్నవాళ్లు పోయారు గాని ఒకరిమీద ఒకరు విసురుకున్నవి మనకే వదిలేశారు. ఫిరంగి గుండ్లు. అందులో కొన్ని నిండా ఇనుమే. కొన్నిటికి కడుపులో మందు కూరి ఉంటుంది. మట్టిలోంచి తీసినప్పుడు, మందు కూరిన రంధ్రం మట్టితో మూసుకుపోయి, రెండూ కవలపిల్లల్లా ఉంటాయి, ఏది సాధువో ఏది కాదో కన్నతల్లి కూడా చెప్పలేదు. ఒకసారి ఎక్కడో పునాది తవ్వుతుంటే అలాంటిది బయటపడిందట. వెంటనే పైనుంచి ఉత్తర్వు దిగింది. ఇకమీద ఎక్కడ గడ్డపార వేసినా సరే, పేలని మందుగుండు దొరికితే ఏం చేయాలో కాంట్రాక్టులో షరతు ఉండి తీరాలని.

నేను మూడు రోజులు కంప్యూటరులో వెతికి, ఏదో ఎడారి దేశంలో రోడ్డు వేసినవాళ్ల కాంట్రాక్టు పట్టుకున్నాను. ఎంత గంభీరమైన ఇంగ్లీషు. చదువుతుంటే మీసం దానంతటదే మెలి తిరిగింది. వస్తువు కనబడగానే పని ఆపాలి. మనుషులను, ఒంటెలను నూరు మీటర్ల అవతలికి పంపాలి. ఎవరూ దాన్ని తాకకూడదు, కదపకూడదు, కడగకూడదు, వేడి తగలనివ్వకూడదు. ఇంజనీరుకు కబురు చేయాలి. అధికారం ఉన్న దళం వచ్చి తీసుకుపోయి ధ్వంసం చేసేదాకా ఆగాలి, ఆ ఆగిన రోజులకు కాంట్రాక్టరును తప్పుపట్టకూడదు. ఐదో ముక్క ఏమిటంటే, ఈ షరతు మీరినవాళ్లను పనిలోంచి తీసేయాలి. ఆరో ముక్క, ఆఖరుది, ఏమిటంటే, పని మొదలుపెట్టకముందే ఈ సంగతులన్నీ ప్రతి కూలీకీ వాళ్ల భాషలో నోటితో చెప్పి, తిరిగి వాళ్ల నోటితో చెప్పించుకోవాలి.

అంతా ఎత్తి మా టెండరులో పోశాను. ఒంటెలతో సహా.

మా పెద్ద ఇంజనీరుకు మూడింటిమీద నమ్మకం. దేవుడు, డికాక్షను, నూరు పేజీలు. “నూరు దాటిన టెండరు ఎవరూ చదవరు,” అనేవారు. నూరులోపలిది మాత్రం ఎవరు చదివారని ఎవరూ అడగలేదు. కోసపాళయం మురుగుకాలువ టెండరు నూట ఒకటో పేజీలోకి కాలు పెట్టింది. మూడంటే మూడే లైన్లు, ఆఖరి షరతైన నలభై ఏడోదాని ఆరో ముక్క.

టైపు చేసే సహోద్యోగిని బజారులో కొట్టున్న తెలుగువాళ్ల ఇంటి ఆడపడుచు. నాతో ఇంటి భాషే మాట్లాడేది.

“ఒంటెల్ని తీసేస్తే కొంచెం తగ్గుతాది అన్నా,” అంది.

“ఒంటెల్లో ఒక అందముందమ్మా. ఆరో ముక్క తీసెయ్. సరిగ్గా మూడు లైన్లు.”

ఆమె చెయ్యి ఆపింది. “ఈ నూరు పేజీల్లో మనిషి మనిషితో మాట్లాడాల అని చెప్పేది ఇదొక్కటే. దీన్నా తీసేది?”

“మేస్త్రీలు ఎట్లాగూ మాట్లాడతారులే.”

ఆమె తీసేసింది. నూట ఒకటో పేజీ ముందే అచ్చయి ఉంటే, మూడు లైన్ల కింద అంత తెల్లకాగితం వృథా చేయడం ఇష్టంలేక సొరుగులో వేసుకుంది. ఆ సొరుగులో కాగితం పడితే ఊరగాయ జాడీలో కాయ పడ్డట్టే, ఎన్నేళ్లకు తీసినా చెడదు.

కోసపాళయంలో పని మొదలైంది. కూలీల జట్టు పన్నెండు మంది, ఆడా మగా, తాతల కాలం నుంచి ఇక్కడే స్థిరపడిన తెలుగువాళ్లు. జట్టుకు పెద్ద ఒక పెద్దమ్మ. అరవై దాటి ఉంటుంది. మనిషి గుప్పెడు, గొంతు మాత్రం రేవులో ఓడను వెనక్కి పిలవగలదు. మొదటిరోజే నా నోటి తెలుగు విని పట్టేసింది.

“ఏంది, మనోళ్లా నువ్వు? మరి ఆ తమిళం ఎందుకు అంత కష్టపడి మాట్లాడతాండావు?”

“ఆఫీసరు కదా పెద్దమ్మా.”

“ఆఫీసరైతే కష్టపడాల్నా? మాకు తెలీదే, మేమే అంతా కష్టపడతాండాము.”

పన్నెండు మందీ నవ్వారు. ఆ రోజు నుంచి నాకు ఆమె డబ్బాలో రెండు ఇడ్లీలు వాటా. అవి మెత్తదనంలో దూదిని సిగ్గుపరిచేవి, కారప్పొడి మాత్రం అప్పుడప్పుడూ నా పూర్వజన్మ గుర్తుచేసేది.

ఆ జట్టుకో ఆచారం ఉంది. ప్రొద్దున మొదటి దెబ్బ వేయకముందు గడ్డపారను నేలలో నిలబెడతారు. దానికి పసుపుబొట్టు పెట్టి, ముందర కర్పూరం వెలిగిస్తారు. చెప్పులు విడిచి చుట్టూ నిలబడితే పెద్దమ్మ భూదేవితో నాలుగు మాటలు చెబుతుంది. తల్లీ, నిన్ను తవ్వుతాండాము, కోపం పెట్టుకోవద్దు, ఆకలి మాది. తక్కినవాళ్లు ఆ మాటలే తిరిగి చెబుతారు. అయ్యాకే పని. తవ్వుతుంటే ఇనుము గాని రాగి గాని తగిలితే అది భూదేవి ఇచ్చిన సామి. దాన్ని కడిగి, పసుపు పూసి, కర్పూరం చూపిస్తే గాని రెండో దెబ్బ వేయరు. ఇదంతా నాకు తెలుసు. నలభై ఏడో షరతూ తెలుసు. రెండూ ఒకే తలకాయలో పక్కపక్క గదుల్లో కాపురముంటూ ఒక్కరోజు కూడా పలకరించుకోలేదు.

ఒకరోజు పదకొండు గంటలకు కాంట్రాక్టరు సూపర్‌వైజరు ఫోన్ చేశాడు.

“సార్, సామి దొరికినాడు. పూజ అయినాక పని మొదలుపెడతాము. అరగంట లేటని రాసుకోండి.”

“ఏ సామి?”

“గుండ్రంగా ఉండాడు సార్. టెంకాయకంటే పెద్ద. ఇనుము. మీద చిన్న రంధ్రం.”

రంధ్రం అనగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. రంధ్రం ఉంటే అది మందు కూరిన రకం.

“ఎవర్నీ తాకనీయొద్దు.”

“తాకేదేంది సార్, పెద్దమ్మ తట్టలో నెత్తిన పెట్టుకుని ఎత్తుకొచ్చి కడిగేసింది. నేను పూలకి బజారుకొచ్చినా.”

పక్కనుంచి వింటున్న టైపు చెల్లెలు అప్పటికే రెండో ఫోను అందుకుని పోలీసులకు చెబుతోంది. నేను స్కూటరు తీశాను. ఆ స్కూటరు జీవితంలో ఎన్నడూ సైకిలును దాటలేదు. ఆ రోజు రెండు బస్సులను, ఒక పెళ్లి ఊరేగింపును, బహుశా నా ప్రాణాన్ని కూడా దాటిపోయింది.

సందు మొదట్లో ఒక పాత ఇంటి అరుగు. అరుగుమీద అరిటాకు. ఆకుమీద గుండు, ఒళ్లంతా పసుపు, నుదురనుకున్నచోట రూపాయంత కుంకుమ. కర్పూరం బిళ్ళ ఎక్కడ పెట్టారంటారు? సరిగ్గా ఆ రంధ్రంమీద. బిళ్ళ దొర్లకుండా నిలబడడానికి అక్కడే అనువుగా ఉందట. చుట్టూ పన్నెండు మంది చేతులు జోడించి ఉన్నారు. పెద్దమ్మ అగ్గిపుల్ల గీసింది. గాలికి ఆరిపోయింది. రెండోది తీసింది. పసుపునీళ్ల వేళ్ల తడికి అది అంటుకోలేదు. మూడోది తీసింది.

అరవడానికి నోరు తెరిచాను. తమ్ముళ్లూ, ఆ షరతు నాకు కంఠస్థం. కాని ఇంగ్లీషులో కంఠస్థం. నోట్లోకి ఒక్క తెలుగు మాట రాలేదు.

“నలభై ఏడు,” అని అరిచాను. “నలభై ఏడు, నలభై ఏడు.”

మూడో పుల్ల వెలిగింది. పెద్దమ్మ దానికి చెయ్యి అడ్డుపెట్టుకుని నావైపు చూసింది. “ఏంది నాయనా నలభై ఏడు?”

చిన్నప్పుడు పొయ్యి దగ్గరికి పాకితే మా అమ్మ అనే మాట, ఎక్కడ దాక్కుందో ఇన్నేళ్లు, అప్పుడు బయటికొచ్చింది. “ఒద్దు పెద్దమ్మా. పేలుతాది. ఇడిసిపెట్టి రా.”

ఆమె పుల్లను ఊదేసింది. ఒక్క ప్రశ్న అడగలేదు. జట్టువైపు తిరిగి, “రేషన్ అంగడి దాకా పోండి. పరిగెత్తొద్దు, పడతారు,” అంది. అందరూ కదిలారు. నేనూ కదిలాను, నిజం చెప్పాలంటే అందరికంటే ముందే. ఆమె మాత్రం వెనక్కి తిరిగింది.

“యాడికి?”

“లోపల ముసలాయన ఉండాడు. చెవుడు. మన అరుపులు ఆయనకి ఇనపడవు.”

పెరటి తలుపుకు లోపల గడియ, ఆ అరుగు దాటే లోపలికి పోవాలి. నేను వీరుణ్ణి కాను, వీరుడి పక్కింటివాణ్ణి కూడా కాను. కాని ఆమె ఒక్కతే ముసలాయన్ను మోయలేదు. ఇద్దరం కుర్చీతో సహా పెరటిదారిన ఎత్తుకొచ్చాము. ఆయన మమ్మల్ని ఎన్నికలవాళ్లనుకుని దారి పొడుగునా, తనకు ఓటు వేసే వయసు దాటిపోయిందని, వదిలిపెట్టమని బతిమాలుతూనే ఉన్నాడు. రేషన్ అంగడి ముందు కుర్చీ దించాక పెద్దమ్మ పసుపు చేతులు కొంగుకు తుడుచుకుని జట్టును వేలితో లెక్కపెట్టింది.

మధ్యాహ్నానికి బాంబు దళం వచ్చింది. ఎండలో దుప్పటంత మందం చొక్కా తొడుక్కున్న ఒకాయన గుండును ఇసకపెట్టెలో పెట్టి, ఊరి బయట బయలుకు తీసుకుపోయి, గోతిలో పెట్టి పేల్చి వచ్చాడు.

“లోపల మందు బతికే ఉందండీ,” అన్నాడు చెమట తుడుచుకుంటూ. “ఆ బిళ్ళ ఎవరు పెట్టారో గాని, అంత సరైన చోటు మా వాళ్లకు కూడా దొరకదు.”

కథ అక్కడ ఆగితే నేను మీకు చెప్పేవాణ్ణి కాదు. మర్నాడు కాంట్రాక్టరు ఉత్తరం పెట్టాడు. షరతును మీరి వస్తువును తాకి, కదిపి, కడిగిన కూలీని తీసేస్తున్నాడట, ఆఫీసు అనుమతి కావాలట. తప్పు ఎవరిమీదైనా పడాలి కదా, అందరిలోకీ పొట్టి మనిషిమీద పడింది. పెద్ద ఇంజనీరు చదివి, “షరతు ఉంది కదా, అనుమతి రాయండి,” అన్నారు. మురుగుకాలువల కాంట్రాక్టర్లు మా ఊళ్లో వేళ్లమీద లెక్క. ఒకరు తీసేసిన మనిషిని, అదీ బాంబు పేరుమీద, ఇంకొకరు పిలవరు. ఆమెకు ఆ పని తప్ప ఇంకో లోకం లేదు.

చెప్పడానికి నేనే వెళ్లాను. పని ఆగిపోయి ఉంది. ఆమె గట్టుమీద కూర్చుని గడ్డపారకు మట్టి గీకుతోంది. అంతా విన్నది.

“పొమ్మంటే పోతా నాయనా,” అంది. “తెలిసి తాకింటే నా తప్పే. ఒకటి మాత్రం చూసి చెప్పు. మాకు ఎవురన్నా ముందే చెప్పినారా? చెప్పింటే నేనే మరిసిపోయినట్టు. ఈ మధ్య మరుపొస్తాంది. మరిసిపోయి పన్నెండు మందిని నిప్పు ముందర నిలబెట్టింటే, నాకు నేనే పని మానేస్తా.”

రాత్రంతా అదే ఆలోచించి ఉంటుంది. తనకు మతిమరుపేమోనని భయపడుతోంది. నూరు పేజీల కాంట్రాక్టు రాసిన నా తెలివికి తోచని అనుమానం, ఆమె తనమీద తనే వేసుకుంది.

“నువ్వు మరవలేదు పెద్దమ్మా. చెప్పాలని ఒక ముక్క ఉండేది. నేనే తీసేయించినా.”

“ఎందుకు?”

“కాగితం చాల్లేదు.”

ఆమె గడ్డపార పక్కన పెట్టి నావైపు చూసింది. కోపంగా కాదు, మందబుద్ధి పిల్లవాడికి లెక్క ఎందుకు రాలేదో తెలుసుకోవాలన్నట్టు.

“నోరు ఉండాదే,” అంది.

పాతికేళ్ల ఉద్యోగంలో నాకు చాలామంది చాలా తిట్లు పెట్టారు, కొన్ని ఇప్పటికీ రుచిగా గుర్తున్నాయి. దీనంతటి తిట్టు ఇంకొకటి లేదు. ఇది తిట్టు కూడా కాదు.

ఆఫీసుకొచ్చి టైపు చెల్లెలి బల్ల ముందు నిలబడ్డాను. ఆమె ఏమీ అడక్కుండా సొరుగు లాగి నూట ఒకటో పేజీ తీసింది. మూడు లైన్ల కింద ఆమె రాతలో నిమ్మకాయలు, ఆవాలు, మెంతులు, గానుగ నూనె.

“జాబితా కనపడకుండా మడిచి చూపించు అన్నా. పెద్దాయనకి ఊరగాయంటే ప్రాణం, పరధ్యానమైపోతాడు.”

పెద్ద ఇంజనీరు ముందు ఆ పేజీ, దాని పక్కన సంతకమైన కాంట్రాక్టు పెట్టాను. ఆయన నలభై ఏడో షరతును మొదటిసారి చదివారు. రెండో లైను దగ్గర కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు.

“ఒంటెలేంటి?”

“అవి అలా ఉండిపోయాయి సార్. తమరు సంతకం చేశారు.”

“ఈ మూడు లైన్లు ఎవరు తీశారు?”

“నేనే. నూరు పేజీలు దాటకూడదని.”

నేను మనసులో నా సామాన్లు సర్దుకుని, వీడ్కోలు సభలో దండ వేయించుకుని, ఉపన్యాసం సగం దాకా వచ్చేశాను. ఆయన కలం తీసి కాంట్రాక్టరు ఉత్తరంమీద అడ్డంగా రాశారు. చెప్పని షరతును మీరారనడం కుదరదు, కూలీని తీసేయరాదు. తీసేసిన ముక్కను తిరిగి చేర్చి, నోటితో చెప్పాకే పని మొదలుపెట్టాలి. తరవాత నాకొక మెమో, ఇకమీద జాగ్రత్తగా ఉండమని. చివరకు తనలో తను అన్నట్టు, “నూరో పేజీ పిచ్చి నాదే కదయ్యా,” అన్నారు. ఆ మెమో ఇప్పటికీ నా బీరువాలో పెళ్లి ఫోటోల మధ్య ఉంది. మా ఆవిడ కూడా రెండింటికీ ఒకే గౌరవం ఇస్తుంది.

చెప్పే పని నామీదే పడింది. రాత్రి కూర్చుని షరతును తెలుగు చేసి తీసుకుపోయాను. జట్టులో ఒక్కరికీ తెలుగు అక్షరాలు రావు, కాబట్టి గట్టిగా చదివాను. “ప్రేలని ఆయుధ సామగ్రి దృష్టిగోచరమైనచో తత్‌క్షణమే...”

“నాయనా,” అంది పెద్దమ్మ, “ఎవురికి చెప్తాండావు? గోడకా?”

వెనక ఒకాయన ఆవలించాడు. ఆ ఆవలింతలో నా అనువాదమంతా పట్టింది.

కాగితం జేబులో పెట్టేశాను. ఆమె ఒక్కొక్కటే అడిగింది, నేను చెప్పాను, ఆమె తన మాటలో తిప్పింది. నూరు మీటర్లంటే ఎవరికీ తెలియదు. “రేషన్ అంగడి దాకా అను,” అంది. “అంగడి లేని సందులో?” అన్నాను. “ఏ సందుకి ఆ గుర్తు. పొద్దున్నే చూసి పెట్టుకోవాల.” చెవిటివాళ్ల సంగతి ఆ ఎడారి దేశపు కాంట్రాక్టులో లేదు. ఆమె చేర్చింది. ఒంటెలు తామంతట తామే వెళ్లిపోయాయి.

మర్నాటి ప్రొద్దున గడ్డపార నిలబెట్టారు. కర్పూరం వెలిగింది. పెద్దమ్మ ఎప్పటి నాలుగు మాటలూ చెప్పి ఆపలేదు.

“తల్లీ, నీ కడుపులో ఏముండాదో మాకు తెలీదు. ఇనుము మోగితే చెయ్యి తీసేస్తాము. తాకము, ఎత్తము, కడగము, పసుపు పుయ్యము, నిప్పు చూపము. చెవుడోళ్లని చేత్తో పట్టుకుని దూరం పోతాము. పెద్దోళ్లు వచ్చిందాకా నిలబడతాము.” ఒక్క క్షణం నావైపు చూసి ముగించింది. “నలభై ఏడు.”

పన్నెండు గొంతులూ కలిసి అన్నాయి, “నలభై ఏడు.”

ఎగతాళి చేసిందో, గౌరవించిందో ఇప్పటికీ తెలియదు. అడిగితే ఇడ్లీ నోట్లో పెట్టింది.

నేను ఉద్యోగం మాని ఇంటికొచ్చేశాక కొన్నాళ్లకు, ప్రొద్దున డాక్టరు నడవమన్న నడక నడుస్తూ ఇందిరా నగర్ దాకా వెళ్లాను. ఎవరో కేబులు కోసం గొయ్యి తీయబోతున్నారు. ఒక్క ముఖమూ తెలియదు, అంతా చిన్న వయసువాళ్లు. గడ్డపార ముందర కర్పూరం ఆరబోతోంది. జట్టుకు ముందు నిలబడ్డ ఒకమ్మాయి చెబుతోంది. ఇనుము మోగితే చెయ్యి తీసేస్తాము. తాకము, ఎత్తము, కడగము. ఈ సందుకు గుర్తు మూలమీది మందుల షాపు. చెవుడోళ్లని చేత్తో పట్టుకుని. చివర అందరూ కలిసి, నలభై ఏడు.

దగ్గరికెళ్లి అడిగాను. “నలభై ఏడంటే ఏందమ్మా?”

“తెలీదు సార్. మా అవ్వ నేర్పించింది. ఏదో సామి పేరై ఉంటాది.”

“అవ్వ యాడుంది?”

“ఇంట్లో. మోకాళ్లు పోయినాయి, పనికి రాదు. సాయంత్రం పోతానే మొదట అడిగేది, పొద్దున చెప్పినారా లేదా అనే.”

ఆ సామి ఎవరో, ఏ ఎడారిలోంచి వచ్చాడో, ఎన్ని పేజీలు దాటి వచ్చాడో చెప్పడానికి నోరు తెరిచాను. చెప్పలేదు. ఆ అమ్మాయి నా కాళ్లవైపు చూస్తోంది. చూసుకుంటే చెప్పులతోనే నిలబడి ఉన్నాను. విడిచాను.